పెళ్లి గంప, రెండు డంబెల్స్

మాఘమాసంలో మా అక్క కూతురికి సంబంధం ఖాయమైంది. గిద్దలూరులో అక్కావాళ్ల ఇంట్లో తాంబూలాలు మార్చుకున్నాక, అందరూ భోజనాలకు లేస్తున్న సందట్లో అక్క నా పక్కకు వచ్చి, "గంప నువ్వే ఎత్తాలరా. దానికి ఇంకెవరున్నారు?" అన్నది. "ఎత్తకుండా యాడికి పోతా?" అని నవ్వాను. నవ్వు బాగానే వచ్చింది. ఎడమ చేతిలో ఉన్న మంచినీళ్ల గ్లాసును మాత్రం కుడి చేతికి మార్చుకున్నాను. పెళ్లి వైశాఖంలో. ఆ మూడు నెలలూ నేను కడుపునిండా తిన్న రోజు లేదు.

మా వైపు పెళ్లికూతురు మండపానికి నడిచి రాదు. వెదురు గంపలో కూర్చోబెట్టి, చేతుల్లో కొబ్బరిబొండాం పెట్టి, మేనమామ ఎత్తుకొస్తాడు. ముగ్గురు నలుగురు మేనమామలున్న ఇళ్లలో తలా ఒక పక్క పట్టుకుంటారు. ఆ గంపకు బరువేముంది, అదొక సరదా. మా అమ్మకు మాత్రం ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు. ఆ మగపిల్లవాణ్ణి నేను. చిన్నాయన కొడుకులున్నారు, పిలిస్తే పరుగెత్తుకొస్తారు. కానీ సొంత మేనమామ నిలబడి ఉండగా ఇంకొకరు గంప మీద చెయ్యి వేయడం మా ఇళ్లలో లేదు. వేస్తే ఆ మేనమామకు ఏదో అయిందని అర్థం. నాకు ఏదో అయిందని పదిమందికీ చెప్పుకోవడం నాకిష్టం లేదు.

నిజానికి నాకు ఏదో అయిన మాట నిజమే. పాతికేళ్ల వయసులో నేను మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేశాను. చెక్క చట్రాలు బిగించిన పలకలను దొంతర్లుగా పేర్చి, లెక్కపెట్టి, అట్టపెట్టెల్లో సర్దడం నా పని. ఒకరోజు అడుగున ఉన్న దొంతర ఒరిగి, మీదివన్నీ వచ్చి నా ఎడమ మోచేతి మీద పడ్డాయి. ఎముక విరిగింది. కట్టు విప్పాక చూస్తే చెయ్యి పూర్తిగా చాపడానికి రావడంలేదు, సన్నబడిపోయింది కూడా. ఆరు నెలలు బరువులెత్తొద్దని డాక్టరు చెప్పాడు. ఎత్తకుండా ఉంటే ఈ కథే ఉండేది కాదు.

రెండో నెలలోనే అక్కా, నేనూ, మూడేళ్ల మేనకోడలూ కంభం చెరువు చూడడానికి పోయాం. కట్ట మీద నడుస్తూ పాప ఎత్తుకోమని మారాం చేసింది. ఎడమ చంకన వేసుకున్నాను. "కుడి చేతికి మార్చుకోరా" అని అక్క అన్నది. "ఏం కాదులే" అన్నాను. పది అడుగులు వేశానో లేదో, మోచెయ్యి తనంతట తానే విచ్చుకుపోయింది. నేను వదల్లేదు, నిజంగా వదల్లేదు. చెయ్యి నా మాట వినలేదంతే. పాప జారి కట్టరాయి మీద గడ్డం ఆనేట్టు పడింది. కంభం ఆస్పత్రిలో మూడు కుట్లు వేశారు. దారి పొడుగునా "జారింది, జారింది" అని నేను అంటూనే ఉన్నాను, పాపే జారినట్టు. అక్క ఒక్క మాట అనలేదు. ఆ రోజు అనలేదు, ఆ తర్వాత ఇరవై ఒక్క ఏళ్లలోనూ అనలేదు. తిట్టి ఉంటే నాలుగు రోజులు బాధపడి మరిచిపోయేవాణ్ణి.

ఆ పిల్లకు నేనంటే ప్రాణం. ఎండాకాలం సెలవులన్నీ మార్కాపురంలో మా ఇంట్లోనే. నా వీపెక్కి ఊరేగేది, నా జిరాక్స్ షాపులో కుర్చీ మీద కూర్చుని వచ్చినవాళ్లకు చిల్లర ఇచ్చేది. నేను మాత్రం దాన్ని మళ్లీ చేతుల్లోకి ఎత్తుకోలేదు. అది గమనించిందో లేదో నాకు తెలియదు. ఇప్పుడు దానికి ఇరవై నాలుగేళ్లు, సచివాలయంలో ఉద్యోగం. గడ్డం కింద ఆ మచ్చ సన్నటి గీతలా ఇంకా ఉంది. దాన్ని గంపలో పెట్టి, కల్యాణమండపంలో అందరూ చూస్తుండగా, ఆ చేత్తోనే ఎత్తాలి.

తాంబూలాల మర్నాడే జిమ్ముకు పోయాను. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం పైన ఉంటుంది. దాన్ని నడిపే ఆయనకు ముప్పై అయిదేళ్లుంటాయి, పొద్దున జిమ్ము, పదిన్నర నుంచి వెల్డింగు షాపు. నన్ను కిందికీ పైకీ చూసి, "ఏం కావాలన్నా? కండలా, బరువు తగ్గడమా?" అన్నాడు. తగ్గడానికి నా దగ్గర ఏమీ లేదని ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది. గంప సంగతి చెప్పడానికి సిగ్గేసింది. నలభై ఆరేళ్ల మనిషి మేనకోడల్ని ఎత్తడానికి సాధన చేస్తున్నాడంటే ఊరంతా నవ్వుతుందనిపించింది. "ఏం లేదు తమ్ముడూ, ఆరోగ్యం కోసం. చేతుల్లో కొంచెం బలం రావాల" అన్నాను. నేను చేసిన పెద్ద తప్పు అదే.

ఆయన నా ఎడమ చెయ్యి చూశాడు, మడిచి చూశాడు, అయిదు కేజీల డంబెల్స్ రెండు తెచ్చి చేతుల్లో పెట్టాడు. మోచేతులు పక్కలకు ఆనించి, డంబెల్‌ను తొడ దగ్గర నుంచి భుజం దాకా మడిచి ఎత్తాలి, మెల్లగా దించాలి. "రెండూ ఒకేసారి ఎత్తొద్దన్నా. మార్చి మార్చి కొట్టు. కుడిది లేచి దిగినాక ఎడమది, ఎడమది దిగినాక మళ్లా కుడిది. ఒక్కో చేతి మీద మనసు పెట్టొచ్చు, నడుమ రెస్టు దొరుకుద్ది, బరువు కూడా తొందరగా పెంచుకోవచ్చు" అన్నాడు. ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. ఆరోగ్యం కోసం వచ్చినవాడికి అది సరిపోతుంది.

ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది. ఎందుకు నచ్చిందో తర్వాత అర్థమైంది. ఎడమది వణుకుతూ లేస్తుంటే కుడిది కిందికి వేలాడుతూ ఊరికే ఉంటుంది. రెండూ పక్కపక్కన లేవవు కాబట్టి ఏది ఎంత వెనకబడిందో అద్దంలో తెలియదు. ఎడమ వంతు వచ్చినప్పుడు నేను మెల్లగా కుడివైపు ఒరిగేవాణ్ణి. ఒరిగితే సగం పని నడుమే చేసిపెడుతుంది. దాన్ని మోసం అనుకోలేదు, నేర్పు అనుకున్నాను. నాలుగు వారాలకు ఏడున్నర కేజీలు, ఆరు వారాలకు పది. షాపులో చొక్కా చేతులు పైకి మడిచి కూర్చోవడం మొదలుపెట్టాను. "ఫ్యాన్ తిరుగుతానే ఉంది గదా, ఎందుకంత ఉక్క?" అని మా ఆవిడ నవ్వేది.

మేనకోడలు ఫోన్ చేసినప్పుడల్లా మాట అటు తిప్పి ఇటు తిప్పి దాని బరువు దగ్గరికి తెచ్చేవాణ్ణి. ఒకసారి అదే బయటపెట్టింది. "మామా, నేను అన్నం మానేసి రెండు చపాతీలే తింటున్నా. యాభై ఆరు నుంచి యాభై నాలుగుకు వచ్చినా."

"ఫోటోల కోసమా?"

"నీ కోసం."

నాకు ఒళ్లు మండింది. "నేనేమన్నా ముసిలోణ్ణా? పది కేజీలు ఒక్కో చేత్తో లేపుతున్నా. శుభ్రంగా అన్నం తిను" అని గట్టిగా అరిచాను. షాపులో ఆధార్ కార్డు జిరాక్స్ కోసం నిలబడ్డ పెద్దాయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఫోన్ పెట్టేశాక నాకే భయమేసింది. పిల్లకు నా చెయ్యి మీద అనుమానం ఉందన్నమాట. పలకలు పడ్డ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. చెరువు కట్ట సంగతి కూడా తెలుసా అని ఆ రోజంతా అదే ఆలోచన.

ఆ మర్నాడు పొద్దున ఇంటికి బియ్యం బస్తా వచ్చింది, ఇరవై ఆరు కేజీలది. ఆటో అతను గుమ్మంలో దించిపోయాడు. రెండు చేతులకూ కలిపి ఇరవై కేజీలు ఎత్తే మనిషికి ఇదొక లెక్కా అనుకున్నాను. మా ఆవిణ్ణి పిలిచి, బస్తాను స్టూలు మీద పెట్టి, గంపకింద చేతులు పెట్టినట్టు దానికింద రెండు చేతులూ దూర్చి లేపాను. లేచింది. ఒకటి, రెండు అడుగులు. మూడో అడుగుకు ఎడమ మోచెయ్యి విచ్చుకోవడం మొదలైంది. అదే తీరు, చెరువు కట్ట మీద విచ్చుకున్న తీరు. కుడివైపు ఒరిగి ఆపుదామంటే కుడి చేతిలోనూ బరువుంది, ఒరగడానికి చోటే లేదు. బస్తా జారి గడప మీద పడి, కుట్టు తెగి, బియ్యం వసారా అంతా పరుచుకుంది.

మా ఆవిడ చీపురు తేలేదు, చాట తేలేదు. ఆ బియ్యం వైపు చూసి, "ఇవైతే ఏరుకుంటాం. పిల్లనైతే ఏం చేస్తావు?" అన్నది.

ఆ మాటకు నేను కోపం తెచ్చుకోలేదు. అక్కడే కింద కూర్చుండిపోయాను. పెళ్లి నెలన్నర ఉంది.

జిమ్ముకు పోయి ఆయనకు అంతా చెప్పాను, గంప, బియ్యం, మోచెయ్యి. చెరువు కట్ట సంగతి తప్ప అన్నీ. ఆయన చేతిలో ఉన్న గుడ్డ విసిరికొట్టాడు. "ఏందన్నా ఇది, ముందే చెప్పాల గదా! నెలన్నర నీతో వంతులు కొట్టించినా. ఇప్పుడు పెళ్లికూతుర్ని వంతులేసుకుని మోస్తావా? ఒక అడుగు కుడి చేత్తో, ఒక అడుగు ఎడమ చేత్తో?" అన్నాడు. పక్కన బస్కీలు తీస్తున్నవాళ్లు కూడా ఆగి చూశారు. నేను దాచుకున్న సిగ్గంతా ఒక్క నిమిషంలో పోయింది. చిత్రంగా ఎవరూ నవ్వలేదు. ఒకాయన తన చెల్లెలి కూతురి గంప ఎత్తినప్పుడు వారం రోజులు నడుం పట్టేసిందని చెప్పాడు.

"పది కేజీలు పక్కన పెట్టు" అన్నాడు ఆయన. రెండు చేతులూ ఒకేసారి ఎత్తమన్నాడు. ఏడున్నర లేవలేదు. అయిదు తీసుకున్నాను. అద్దంలో చూస్తే కుడిది ఛాతీ దగ్గరికి వచ్చేసరికి ఎడమది నాలుగు వేళ్లు కింద ఉంది. అటు ఒరగడానికి లేదు, ఇటు ఒరగడానికి లేదు. వెనక్కి వాలితే నడుం దగ్గర ఆయన అరచెయ్యి తగిలేది. "వాలొద్దు. కుడిదాన్ని పరుగెత్తనియ్యొద్దు. ఎడమది యాడుంటే కుడిది ఆడే ఉండాల. ఎడమది ఎన్ని కొడితే కుడిది అన్నే" అన్నాడు. ఎనిమిది లెక్కపెట్టాను. తొమ్మిదోది రాలేదు. మొదటి రోజు ఎంత బరువుతో మొదలుపెట్టానో నెలన్నర తర్వాత అక్కడికే వచ్చి నిలబడ్డాను. చొక్కా చేతులు కిందికి దించుకుని షాపుకు పోయాను.

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పడం కష్టం. మడిచి ఎత్తడం అయ్యాక డంబెల్స్‌ను నడుమెత్తులో ఆపి పట్టుకుని ఇరవై లెక్కపెట్టడం, దాని తర్వాత గుంజీలు. "గంపను లేపేది కాళ్లూ నడుమూనే అన్నా. చేతులు విడవకుండా ఉంటే చాలు" అనేవాడు. నా భయమంతా ఆ విడవకుండా ఉండే దగ్గరే. ఎడమ చేతికి విడిగా ఇంకో రెండు సెట్లు నేనే కలుపుకున్నాను. ఎండలు ముదిరాయి. అరచేతులు చెమటకు జారుతుంటే, పెళ్లిలోనూ ఇంతే చెమట పడుతుంది గదా అని కొత్త దిగులు పట్టుకుంది. పంచె కాళ్లకు అడ్డం పడితే? ఆ ఆలోచన వచ్చిన మర్నాడు గంజి పెట్టిన పంచె కట్టుకుని జిమ్ముకు పోయాను. రెండు చేతుల్లో డంబెల్స్ మడిచి పట్టుకుని, పంచె కుచ్చిళ్లు తొక్కుకుంటూ, ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను. అప్పుడు మాత్రం అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

గిద్దలూరు పోయినప్పుడు కల్యాణమండపం చూసొచ్చాను. పెళ్లికూతురి గది గుమ్మం నుంచి వేదిక దాకా నా అడుగులు పంతొమ్మిది. చివర మూడు మెట్లు. ఆ మెట్లు మూడుసార్లు ఎక్కి దిగాను. వాచ్‌మన్ వచ్చి, "ఏం కావాల సార్? ఏమన్నా పారేసుకున్నారా?" అని అడిగాడు.

పెళ్లి పన్నెండు రోజులుందనగా పంచగా మిగిలిన శుభలేఖలు ఇవ్వడానికి అక్కావాళ్ల ఇంటికి పోయాను. పెళ్లికూతుర్ని అలంకరించే ఆవిడ వచ్చి పిల్ల ముఖం చూస్తోంది. గడ్డం పైకెత్తి, "ఈ మచ్చ ఏందమ్మా? రంగు వేస్తే కనపడదులే" అన్నది.

"చిన్నప్పుడు ఉయ్యాల తాడు తెగి పడినానంట అక్కా. అందుకే నాకు ఉయ్యాలంటే భయం. ఇప్పటికీ ఎక్కను" అన్నది మేనకోడలు నవ్వుతూ.

ఉయ్యాలేమిటి? నేను అక్క వైపు చూశాను. అక్క చాటలో కందిపప్పు ఏరుతోంది. తలెత్తలేదు. రాయి దొరికినట్టుంది, తీసి పక్కన వేసింది. ఇరవై ఒక్క ఏళ్లుగా మా అక్క ఆ పిల్లకు అబద్ధం చెప్పిందని, అది నా కోసమేనని, ఆ నిమిషం దాకా నాకు తెలియదు. శుభలేఖల కట్ట అక్కడ పెట్టి, షాపులో పనుందని చెప్పి బయటపడ్డాను. బస్సు కంభంలో ఆగినప్పుడు కిటికీ లోంచి చెరువు దారి బోర్డు వైపు చూడకుండా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. పిల్లకు నిజం చెప్పాలా, వద్దా? చెప్తే గంపలో కూర్చోవడానికి భయపడుతుంది. చెప్పకుండా మళ్లీ పడేస్తే, ఈసారి అక్క ఏ ఉయ్యాల మీదికి నెడుతుంది?

పెళ్లినాటికి ఏడున్నర కేజీలవి రెండు చేతులతో ఒకేసారి పన్నెండు సార్లు ఎత్తగలిగాను. అద్దంలో రెండు చేతులూ ఒకే ఎత్తులో లేచాయి. "ఇప్పుడు పో" అన్నాడు జిమ్ము ఆయన. పెళ్లికి రమ్మని పిలిస్తే వచ్చి మూడో వరసలో కూర్చున్నాడు.

ముహూర్తం పొద్దున పది దాటాక. నేను మాత్రం తెల్లవారి నుంచే పంచె కట్టుకుని తిరుగుతున్నాను. గదిలోకి పోయేసరికి మేనకోడలు గంపలో ఉంది, గంప పెద్ద పీట మీద ఉంది. పట్టుచీర, తలనిండా పూలు, ఒళ్లో కొబ్బరిబొండాం. నన్ను చూసి, "మామా, నీ ముఖమేంది అట్లుంది? నేనే పెళ్లికూతుర్ని" అన్నది. పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. అరచేతులు కండువాకు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, గంపకింద చేతులు దూర్చాను. మోకాళ్లు వంచి లేచాను. గంప లేచింది.

మొదటి అడుగు వేయగానే తేడా తెలిసింది. బరువంతా కుడి చేతి మీదికి వస్తోంది. ఎడమది తేలిగ్గా ఉంది. గంప కుడివైపు ఒరుగుతోంది. ఏం జరుగుతోందో అర్థం కాలేదు. ఎడమది పోతుందేమోనని మూడు నెలలు భయపడ్డానే, కుడిది పోతుందని ఒక్కరోజు కూడా అనుకోలేదే. నాలుగో అడుగుకు కుడి మణికట్టులో వెదురు దిగి కోసుకుంటోంది. సన్నాయి మోగుతోంది, కళ్లలోకి చెమట కారుతోంది. అంతలో ఫోటోగ్రాఫరు అడ్డం వచ్చి, "సార్, అట్లే ఆగండి. నవ్వండి. పాపా, నువ్వూ ఇటు చూడు" అన్నాడు. "తప్పుకో!" అని అరిచాను. ఆ ఫోటో వచ్చింది. దాంట్లో నేను ఎవరినో కొట్టడానికి పోతున్నట్టు ఉంటాను.

అప్పుడు చూశాను. పిల్ల గంపలో కుడి అంచుకు జరిగి, ఆ అంచునే ఒదిగి కూర్చుని ఉంది. నా ఎడమ చేతికి బరువు తగలకూడదని.

"అమ్మీ, మధ్యకు రా" అన్నాను, పెదవులు కదపకుండా.

"ఎడమ చెయ్యి నొస్తది గదా మామా?"

"ఎడమది బాగుంది. నువ్వు అట్ల కూర్చుంటే ఇద్దరం పడతాం. మధ్యకు రా తల్లీ."

కొబ్బరిబొండాం ఒళ్లో పెట్టుకుని, ఒక చెయ్యి గంప అంచు మీద ఆనించి, ఆ పిల్ల మెల్లగా మధ్యకు జరిగింది. సగం బరువు ఎడమ చేతి మీదికి వచ్చింది. మోచెయ్యి వణికింది. విచ్చుకుంటుందనుకున్నాను. విచ్చుకోలేదు. మూడో వరసలో జిమ్ము ఆయన లేచి నిలబడి, రెండు అరచేతులూ పైకి పెట్టి, రెండూ ఒకే ఎత్తులో పట్టుకుని చూపిస్తున్నాడు. ఆయన పక్కన కూర్చున్నవాళ్లు అదేదో వాళ్ల ఆచారం అనుకుని ఉంటారు. పద్నాలుగు, పదిహేను అని లెక్కపెట్టుకుంటూ నడిచాను. మూడు మెట్లు ఎట్లా ఎక్కానో ఇప్పటికీ గుర్తు లేదు. వేదిక మీద పెట్టిన పీట మీద గంపను దించాక, కొంచెంసేపు చేతులు దానికింద నుంచి బయటికి రాలేదు. అక్కే వచ్చి లాగింది.

తాళి కట్టడం అయిపోయింది. భోజనాల బంతి వేసినప్పుడు నా పక్కన అక్క కూర్చుంది. పెళ్లికూతురి తల్లి అంత తొందరగా భోజనానికి కూర్చోదు, నా కోసమే కూర్చుందని తెలుసు. నా రెండు చేతుల మీదా వెదురు గంప గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి. అన్నం కలుపుదామంటే వేళ్లు ముడుచుకోవడంలేదు. ఇక ఆగలేక అడిగాను.

"ఉయ్యాల అని ఎందుకు చెప్పినావక్కా దానికి?"

అక్క ఆశ్చర్యపోలేదు. ఎప్పుడో ఒకరోజు అడుగుతానని తెలిసినట్టే ఉంది. నా ఆకులో అన్నం తనే కలపడం మొదలుపెట్టింది.

"ఉయ్యాల అని చెప్తే ఇరవై ఏళ్లుగా అది ఉయ్యాల ఎక్కలా" అన్నది. "నువ్వని చెప్పుంటే, ఈ పొద్దు నీ గంప ఎక్కేదారా?"

అక్క కలిపిన అన్నం ముద్ద చేసి, నా నోట్లో పెట్టింది.